ఎముకలు నగరాలకు, నేల ఎవరికి?

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ తొమ్మిది మీటర్ల పొడవుంటుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వితీసిన రాక్షసబల్లి అది. 1988లో పి. యాదగిరి దానికి ఆ పేరు పెట్టారు. మ్యూజియంలో దాన్ని చూసి మురిసిపోయే మనం, అది దొరికిన నేలను మాత్రం గాలికి వదిలేశాం.

ఆ నేల, అంటే ప్రాణహిత లోయ, మామూలుది కాదు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఎడమ గట్టున, మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో కోట అనే ఊరుంది. అక్కడి జురాసిక్ శిలలకు ఆ ఊరి పేరే పెట్టి కోట ఫార్మేషన్ అన్నారు. భూమి చీలి కుంగిన పొడవాటి పల్లంలోకి నదులు కోట్ల ఏళ్లపాటు ఇసుక, బురద తెచ్చి పోశాయి. అడుగున సింగరేణి బొగ్గు, దానిపైన ట్రయాసిక్ కాలపు మలేరి ఎర్రమట్టి, ఆపైన కోట ఇసుకరాయి, సున్నపురాయి, మట్టిపొరలు. ఈ సున్నపురాయిలోని చేపల శిలాజాలు 19వ శతాబ్దంలోనే శాస్త్రవేత్తలకు తెలుసు. 1981లో ఇక్కడి ఒక చిన్న పన్ను ఆధారంగా తొలినాటి క్షీరదం ఒకదాన్ని గుర్తించి, జీవశాస్త్రవేత్త హాల్డేన్ పేరు కలిపి కోటాథీరియం హాల్డేనీ అన్నారు.

ఎముకలు దొరికిన పొర ఎంత ముఖ్యమో బరపాసారస్ అనే మరో రాక్షసబల్లి చెబుతుంది. సిరోంచ దగ్గరి పోచంపల్లిలో (చీరల పోచంపల్లి కాదు) కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రధానంగా 1961 ప్రాంతంలో తవ్వారు. కనీసం ఆరు జంతువులవి, సుమారు 300 ఎముకలు దొరికాయి. పుర్రె ఒక్కటీ లేదు. 1961 టాగోర్ శతజయంతి ఏడాది కావడంతో 1975లో ఆ రాక్షసబల్లికి బరపాసారస్ టాగోరీ అని నామకరణం చేశారు. ఎముకల మధ్య పెద్ద పెద్ద చెట్ల మానులు రాయిగా మారి పడి ఉన్నాయి. వరద ఈ మందను, చెట్లను కలిపి ఈడ్చుకొచ్చి ఉంటుందని పరిశోధకులు ఊహించింది ఆ మానులను చూసే. ఎముకలను మాత్రమే ఎవరో ఏరుకుపోయి అమ్ముకుని ఉంటే ఆ వరద సంగతి మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఎముకలు మ్యూజియంలో భద్రంగా ఉంటాయి. పొరను అక్కడికి తేలేం. క్వారీకో రోడ్డుకో ఒకసారి తవ్వేస్తే అంతే.

భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అలాంటి చట్టం రావాలి, అందులో ప్రాణహిత లోయ పేరు ఉండాలి. ఆ నది అటు మహారాష్ట్రకూ ఇటు తెలంగాణకూ సరిహద్దు కాబట్టి రెండు ప్రభుత్వాలూ కలిసి కూర్చోవాలి. ముందుగా శిలాజాలున్న చోట్లను సర్వే నంబర్లతో సహా గుర్తించి, అక్కడ తవ్వకాల అనుమతులు ఆపాలి. ఆ తర్వాత ఊళ్లలోని చదువుకున్న కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి కాపలా బాధ్యత, చూపించే బాధ్యత జీతంతో అప్పగించాలి.