ఆడిందా? ఆడించారా?

'విజయవంతమైన వందవ రోజు' అని గోడమీద పోస్టరు పడగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "ఆడిందా? ఆడించారా?" ఆడిందంటే జనం టిక్కెట్లు కొన్నారన్నమాట. ఆడించారంటే హాలు అద్దె నిర్మాతగారి జేబులోంచి వెళ్ళిందన్నమాట. పోస్టరు మీద మాత్రం రెంటికీ అక్షరాలు ఒకటే సైజు!

ఈ ప్రశ్న నేను రోజూ ఆఫీసులో వేసుకుంటూ ఉంటాను. నేను సినిమా మనిషిని కాదు లెండి. హైదరాబాదు మాదాపూర్‌లో చిన్న ఉద్యోగం. పని పేరు ఎస్.ఇ.ఓ. గూగుల్‌లో ఎవరైనా ఏదైనా వెతికితే మా ఖాతాదారు పేజీ పైవరసలో కనబడేట్టు చూడడం. ఇదేం పనో మా బామ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీకైనా చెప్పుకుంటాను.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1998లో గూగుల్ కంపెనీ పెట్టారు. వాళ్ళ ఊహ ఏమిటయ్యా అంటే, ఒక పేజీ మంచిదా కాదా అని ఆ పేజీనే అడిగి లాభం లేదు. తన చిత్రం బాగాలేదని ఏ నిర్మాత చెబుతాడు? అంచేత పక్కవాళ్ళు ఏమంటున్నారో చూడాలి. ఒకరి పేజీలోంచి మరొకరి పేజీకి దారి చూపే లింకును వాళ్ళు ఓటుగా లెక్కగట్టారు. పదిమంది మెచ్చినవాడు మెచ్చుకుంటే ఆ ఓటుకు విలువ ఎక్కువ. ఈ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరు.

ఓటుకు విలువ వచ్చాక కొనేవాడు రాకుండా ఉంటాడా? వచ్చాడు. అలా పెరిగిందే లింక్ బిల్డింగ్ అనే మా శాఖ.

★ ★ ★

ఇందులో రెండు రకాల మనుషులున్నారు. మొదటి రకంవారు ఓపిగ్గా ఒక మంచి వ్యాసం తయారుచేసి, ఆ విషయం తెలిసినవాళ్ళకు ఉత్తరాలు రాస్తారు. "చూడండి, నచ్చితే మీ పాఠకులకు చెప్పండి" అంటారు. వంద ఉత్తరాలకు నాలుగు జవాబులొస్తే ఆ రోజు ఆఫీసులో పండగే.

రెండో రకంవారి దగ్గర ధరల పట్టిక ఉంటుంది. ఈ సైటులో లింకు ఇంత, ఆ సైటులో ఇంత. బేరమంతా 'డొమైన్ అథారిటీ' అనే మార్కుల మీద నడుస్తుంది. ఒకటి నుంచి నూరు దాకా ఆ మార్కులు వేసేది మోజ్ అనే వేరే కంపెనీ. వాటితో మాకు పని లేదని గూగుల్ వారే చెప్పారు. ఎవరు వింటారు?

ఇక్కడ మన పాటల ప్రియులకు ఒక ముచ్చట. ఒకప్పుడు హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు, గుర్తుందా? అలా పాటల సాహిత్యం, దానికి అర్థం ఇచ్చే ఒక సైటు ఉంది. అప్పట్లో దాని పేరు ర్యాప్ జీనియస్. 2013 డిసెంబరులో వారు బ్లాగులు రాసేవాళ్ళతో ఒక ఒప్పందం మొదలెట్టారు. 'మీ రాత చివర జస్టిన్ బీబర్ పాటలకు మా లింకులు వరసగా పెట్టండి. మీ రాతను మేం ట్విట్టర్‌లో చాటింపు వేస్తాం'. సంగతి బయటపడింది. సరిగ్గా క్రిస్మస్ నాడు గూగుల్ వారు వేటు వేశారు. సొంత పేరుతో వెతికినా మొదటి పేజీలో ఆ సైటు కనబడలేదు! ఆ లింకులన్నీ తీయించుకుని, 2014 జనవరి 4న తిరిగి తెరమీదికొచ్చారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ సైటులో సరుకుంది. సరుకున్నవాడికి కూడా అద్దె చప్పట్ల మీద మోజెందుకో!

అంతకుముందు, 2012 ఏప్రిల్ 24న 'పెంగ్విన్' పేరుతో గూగుల్ ఒక మార్పు తెచ్చింది. ఇంగ్లీషులో వెతికేవాటిలో సుమారు 3.1 శాతం మీద దాని ప్రభావం ఉందని వారే ప్రకటించారు. అప్పుడు చూడాలి తమాషా! లింకు పెట్టమని డబ్బిచ్చినవాళ్ళే తీసెయ్యమని కాళ్ళు పట్టుకున్నారు. కొందరు సైటు యజమానులు తీసినందుకూ రుసుము పుచ్చుకున్నారు. పెళ్ళికీ తద్దినానికీ ఒకే పురోహితుడన్నమాట.

★ ★ ★

నవ్వుకోవడానికి ఇదంతా బాగానే ఉంది. కాని మొన్నామధ్య నా బల్లమీదికొచ్చిన ఒక పట్టిక చూసి నవ్వలేకపోయాను. అందులో తెలిసిన పేరొకటుంది. ఒక రిటైరైన పెద్దాయన పాత తెలుగు పాటలకు ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏ చిత్రం, ఏ సంవత్సరం అని ఏళ్ళ తరబడి రాసిపెట్టిన సైటు. ఆయన పోయారు. పేరుకు ఏటా కట్టే రుసుము కట్టేవాళ్ళు లేకపోయారు. గడువు తీరిన ఆ పేరును ఎవరో కొనేశారు. ఎందుకంటారా? పాత పాటల అభిమానులు పైసా పుచ్చుకోకుండా దానికిచ్చిన లింకులు అలాగే ఉన్నాయి గనక! తెరిస్తే ఘంటసాల పాటల జాబితా ఉండాల్సిన చోట జూదం ప్రకటనలు.

"దీంట్లో మనకొక లింకు కొందామండీ" అన్నారు మా ఖాతాదారు, చీరల కొట్టు యజమాని.

"వద్దు సార్" అన్నాను.

"పని చెయ్యదంటారా?"

"కొన్నాళ్ళు చేసినా చేస్తుంది సార్. తరవాత కొట్టు పేరు పోతుంది. మీవి మంగళగిరి చీరలు కదా, నేత సంగతులు మీ నేతగాళ్ళ చేతనే చెప్పించి రాద్దాం. కావాలంటే పదిమంది చెప్పుకుంటారు."

ఆయన మొహం చిట్లించారు గాని, చివరికి సరేనన్నారు. ఇలా గడువు తీరిన పేర్లు కొని పాత పరపతిని వాడుకోవడం మోసమేనని 2024 మార్చిలో గూగుల్ తన నిబంధనల్లో పేరుపెట్టి మరీ చేర్చింది. డబ్బిచ్చి లింకు పెట్టించుకోవడమే తప్పని కాదు. పత్రికల్లో 'ప్రకటన' అని పైన వేస్తారు చూడండి, అలాంటి గుర్తు లింకుకూ ఉంది. 2019 నుంచి 'స్పాన్సర్డ్' అని పెట్టవచ్చు. కాని ఆ గుర్తు పెడితే అది ఓటు కింద చెల్లదని కొనేవారి బాధ!

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ఓటు గూగుల్ చేతిలో లేదు, మా చేతిలోనూ లేదు, మీ చేతిలో ఉంది. ఎక్కడో ఎవరో ఒంటరిగా కూర్చుని ఒక పాట గురించో, ఒక ఊరి గురించో బాగా రాస్తే, దాని లింకు నలుగురికీ పంపండి. ఆ పెద్దాయన లాంటివారికి అందే జీతం అదొక్కటే.

అన్నట్టు, ఈ శీర్షిక నచ్చితే పక్కవారికి చెప్పండి. చెప్పినందుకు మాత్రం నన్నేమీ అడక్కండి!