రాక్షసులెవరు?

వేలేరుపాడు మండలంలో, గోదావరి ఒడ్డున ఉన్న రుద్రమకోటకు వెళ్ళి ఇనుపయుగపు రాతి సమాధులు చూశాను. ఇలాంటివాటిని మనవాళ్ళు "రాక్షసగుళ్ళు" అంటారు. అంతంత బండలు మనుషులు ఎత్తలేరని కాబోలు! ఎత్తింది మనుషులే, కొలిమిలో ఇనుము కాచిన శ్రమజీవులే. చెమటకు చరిత్రలో చోటివ్వనివారు దానికి రాక్షసుల పేరు పెట్టారు.

ఈ నేల పోలవరం ముంపులో ఉంది. 2014లో మండలాన్ని తెలంగాణనుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది అందుకే. మునిగేలోగా పురావస్తుశాఖ సమాధులు తవ్వింది. మంచిదే. మరి చనిపోయినవారికి రాయి నిలిపే ఆచారమున్న కోయల మాటేమిటి?

1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పండిన అన్నం తిన్న డెల్టావాణ్ణి, ప్రాజెక్టు వద్దనను. ఒక్కటే అడుగుతాను: కుండపెంకులు మ్యూజియం చేరతాయి. తాతలు పడుకున్న నేలకు ఏ పరిహారపు పట్టికలో వెల కట్టారు?