మనోడు అప్పలరాజు

ఆదివారం పొద్దున్న ఏడింటికి కంచరపాలెంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా రెండే కబుర్లు వినబడతాయి. ఒకటి క్రికెట్టు, రెండోది సినిమా. 2018లో మా పేట పేరు మీదే ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చాక ఆ రెండో కబురుకి బలం ఇంకాస్త పెరిగింది. మూడో కబురు వినపడటం అరుదు. అందుకే ఆ రోజు విన్నది మీతో చెప్పాలనిపించింది.

నేను వెళ్లేసరికి బల్ల మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఎనభై దాటాయి. రైల్వేలో ఖలాసీగా చేరి, డీజిల్ షెడ్డులో రిటైరైన మనిషి. పేటలో అందరికీ ఆయన తాతే. ఎదురుగా పాలిటెక్నిక్ చదివే కుర్రాడు నీలం, తెలుపు చారల బనీను వేసుకుని నిలబడ్డాడు. వీపు మీద మెస్సీ పేరు, పదో నంబరు.

“ఆ సొక్కా మీదున్నోడు మనోడేటి?” అన్నారు తాత.

“మెస్సీ తాతా. అర్జెంటీనా.”

“తెలుసులేరా. నాకూ టీవీ ఉంది. మనోళ్ల పేరున్న సొక్కా ఒక్కటీ దొరకలేదేటి నీకు?”

కుర్రాడికి పౌరుషం వచ్చింది. “ఎందుకు లేదు తాతా, మనకీ ఉంది జట్టు. శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో ఆడింది.”

“ఏ ఊరు జట్టది?”

“మనూరే. విశాఖపట్నం.”

“మరి ఏ గ్రౌండులో ఆడతారు?”

కుర్రాడు కాస్త ఆగాడు. “హైదరాబాద్‌లో.”

టీ కొట్టు మొత్తం నవ్వింది. తాత మాత్రం నవ్వలేదు. “అలగా” అని గ్లాసు కింద పెట్టారు.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, ఐ-లీగ్‌లోకి నేరుగా రావడానికి కొత్త ఊళ్ల నుంచి టెండర్లు పిలిచినప్పుడు, శ్రీనిధి విద్యాసంస్థల వాళ్లు విశాఖపట్నం పేరు మీదే దరఖాస్తు పెట్టి చోటు సంపాదించారు. మన దేశంలో అప్పట్లో ఐఎస్ఎల్ పై మెట్టయితే ఐ-లీగ్ దాని కింద మెట్టుగా ఉండేది. ఆ రకంగా మనూరికి కాగితం మీద ఓ క్లబ్బు వచ్చింది. 2021-22లో కరోనా వల్ల లీగంతా బెంగాల్లోనే జరిపారు. మరుసటి సీజను నుంచి జట్టు సొంత మైదానం హైదరాబాద్ శివార్లలోని అజీజ్‌నగర్ డెక్కన్ అరీనా అయింది. విశాఖ పేరు కాగితం మీదే ఉండిపోయింది.

ఇలా ఎందుకయిందంటే ఎవర్నో తిట్టడం తేలిక. క్లబ్బు నడపడమంటే పచ్చగడ్డి మైదానం, లైట్లు, ఆటగాళ్లకు బస, ప్రాక్టీసుకి చోటు అన్నీ ఉండాలి. వాళ్లకు అవన్నీ ఉన్న చోట ఆడారు. తప్పని నేననను. కానీ కుర్రాడి మొహం చూశాను కాబట్టి, ఒప్పని కూడా అనలేకపోతున్నాను.

వాడు ఆ జట్టుని ఫోన్‌లోనే చూశాడు. చూసినా ఏం చూశాడు! 2022 మే 10న గోకులం కేరళతో ఆటని వాడు చెబుతుంటే టీ ఆరిపోయింది. గోకులం అప్పటికి 21 ఆటలుగా ఓడలేదు. ఆ రోజుతో టైటిలు ఖాయమనుకుని దిగారు. మన లాల్రోమావియా (వాడు ‘మన’ అనే అన్నాడు) ఒక్కడే మూడు గోల్సు కొట్టాడు. 3-1. గోకులం నాలుగు రోజుల తర్వాత మహమ్మడన్ మీద గెలిచి కప్పు తీసుకుందనుకోండి. అయినా ఆ సీజన్లో వాళ్లని ఆపిన జట్టేదంటే విశాఖపట్నం జట్టే.

“నీకు బాగా నచ్చినోడెవడు? ఆ లాలేనా?” అన్నారు తాత.

“కాదు తాతా. కాస్టనేడా. డేవిడ్ కాస్టనేడా. కొలంబియావోడు.”

“మళ్లీ పరాయోడే కదరా!”

“మన చొక్కా వేసుకుంటే మనోడే తాతా.”

ఈ మాటకి తాత దగ్గర జవాబు లేదు. కాసేపు మీసం దువ్వుకున్నారు.

శ్రీనిధి మొదటి ఏడు మూడో స్థానం, 2022-23లో రెండు, 2023-24లో మళ్లీ రెండు. ఆ రెండేళ్లూ మొదట నిలిచినవాళ్లకే పై లీగులోకి దారి. ఒకసారి పంజాబ్, ఇంకోసారి మహమ్మడన్ వెళ్లిపోయాయి. గడప దాకా వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చిన జట్టుని ప్రేమించడం ఎలా ఉంటుందో ఆ కుర్రాణ్ని అడగాలి. గెలిచే జట్టుని ఎవరైనా ఇష్టపడతారు.

అప్పుడు మొదలుపెట్టారు తాత.

“నువ్వు సెప్పిందంతా విన్నాను గానీ, మనోడంటే అప్పలరాజురా. బీఎన్ఆర్ అప్పలరాజు.”

కుర్రాడు నా వైపు చూశాడు. నాకూ తెలియదని వాడికి అర్థమైపోయింది.

వాల్తేరు డివిజన్ అప్పట్లో ఆగ్నేయ రైల్వేలో ఉండేది. హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో. 2003లో తూర్పు కోస్తా రైల్వే వచ్చేదాకా మన రైల్వేవాళ్ల జీతాలూ ప్రమోషన్లూ పనిష్మెంట్లూ అన్నీ అటునుంచే వచ్చేవి. వాటితోపాటు ఫుట్‌బాలూ వచ్చింది. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు రైల్వేకి పోయినా ఫుట్‌బాల్ జట్టుకి మాత్రం పోలేదు. బీఎన్ఆర్ అనే ఉండిపోయింది. కలకత్తా లీగులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ ఉంటే మిగిలినవాళ్లెవరికీ పెద్ద పేరుండదు. ఆ మిగిలినవాళ్లలో ఒకటి బీఎన్ఆర్. అయితే మన షెడ్డుల్లో, యార్డుల్లో పనిచేసేవాళ్లకి అదే సొంత జట్టు. జీతమిచ్చే కంపెనీ, ఆడే జట్టూ ఒకటే కదా.

“కుర్రతనం. పాసు రాయించుకోడం, హౌరా మెయిలు ఎక్కడం. మైదానం పక్కన సెనక్కాయలు కొనుక్కుని నిలబడ్డం. బెంగాలీ రాదు. రాకపోతే ఏటి, బంతికి బాస ఉందా? ఓ రోజు పక్కోడు అప్పలరాజు, అప్పలరాజు అని అరుస్తున్నాడు బాబూ. నాకు ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో ముగ్గురున్నారు అప్పలరాజులు. ఆ పేరు కలకత్తావోడు అరవడమేటి!”

సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు మా వైపు ఉండదు. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, అప్పలకొండ. చిన్నప్పుడు స్కూల్లో హాజరు పిలిస్తే ఒక్క పేరుకి నలుగురు లేచేవారు. కాస్త ఊళ్లు దాటి వెళితే ఈ పేర్లు చెప్పుకోడానికి సిగ్గుపడి ‘రాజు’, ‘నాయుడు’ అని కత్తిరించుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. అలాంటి పేరుని దేశం తరఫున స్కోరుబోర్డు మీద పెట్టినాయన ఆయన.

ఇది తాత అతిశయోక్తి అనుకుని ఇంటికొచ్చి వెతికాను. కాదు. 1964లో ఇజ్రాయెల్లో ఆసియా కప్ జరిగింది. భారత్ ఆ పోటీలో ఆడటం అదే మొదటిసారి. మొదటి ఆట దక్షిణ కొరియాతో. మొదలైన రెండో నిమిషంలోనే గోలు. కొట్టింది అప్పలరాజు. ఆసియా కప్‌లో మన దేశం కొట్టిన మొట్టమొదటి గోలు అన్నమాట. తర్వాత ఇందర్ సింగ్ ఇంకోటి వేశాడు. 2-0. ఆ పోటీలో మనకి రెండో స్థానం వచ్చింది. ఆ తర్వాత అంత పైకి మనం మళ్లీ ఎక్కలేదు.

“ఫైనల్లో ఇజ్రాయెల్ మీద ఓడిపోయాంరా” అని తాత చెబుతుంటే, అప్పుడే వచ్చిన డ్రిల్లు మాస్టారు అడ్డుకున్నారు. “ఫైనల్ లేదు తాతగారూ. నాలుగు జట్లు ఒకరితో ఒకరు ఆడారు. పాయింట్ల మీద తేల్చారు.”

“ఓడామా లేదా?”

“ఓడాం. 2-0.”

“మరి ఏదైతే ఏటి!”

మాస్టారు పేటలో పిల్లలకి పొద్దున్నే ఫుట్‌బాల్ నేర్పుతారు. ఆయనకి ఆటగాళ్లకంటే ఆడించినవాళ్ల మీద అభిమానం ఎక్కువ. అందులోనూ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. ఆయన చేతుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం, అన్నీ ఆయన కాలంలోవే. జకార్తా పతకం తెచ్చిన మరుసటి ఏడు, 1963 జూన్‌లో కన్నుమూశారు. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా ఆయన పేరు మన పిల్లలకి తెలియదు.

“ఆయన ఓ పోటీ పెట్టేవారండీ” అన్నారు మాస్టారు. “బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. నేనూ వీళ్లకి వారానికోసారి ఎడమకాలి ఆట పెడుతున్నా. మొదటి నెలంతా ఒకటే నవ్వులు. రెండో నెల నుంచి ఒక్కడూ నవ్వడం లేదు.”

మాస్టారు అభిమాన ఆటగాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. రహీం కంట్లో పడ్డాడు, ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ వెళ్లాడు. 1960 రోమ్‌లో హంగేరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీద కొట్టాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం. ఆ ముగ్గురి పేర్లు విడివిడిగా చెప్పేవారు కాదు. ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, కెప్టెనయ్యి, చివరికి 1963లో బీఎన్ఆర్‌కి వచ్చాడు. ఊపిరితిత్తుల జబ్బు. అదే ఏడు ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి ఇరవై ఏడేళ్లు కూడా దాటలేదు.

బీఎన్ఆర్ అనగానే తాత తలెత్తారు.

“బలరాం మన జట్టుకొచ్చాడని తెలిసి రెండు రోజుల సెలవు పెట్టి ఎల్లాను. ఆ రోజు ఆడలేదు. బాగులేదన్నారు. మళ్లీ ఎల్దామనుకునేసరికి ఆటే మానేసినాడు.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట గూడ్సు వెళ్తోంది. మా పేటలో గూడ్సు వెళ్తుంటే ఎలాగూ మాట్లాడలేం.

2023 ఫిబ్రవరి 16న బలరాం బెంగాల్లో పోయారు. ఆ ఏడాదే ఆగస్టు 15న హైదరాబాద్‌లో మహమ్మద్ హబీబ్ పోయారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే జట్టు కాస్మాస్ మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన హబీబ్. ఒకే ఏడాదిలో ఇద్దరు. బలరాం వార్త వచ్చిన పేపరు ముక్కని తాత ఇప్పటికీ పెన్షన్ పుస్తకంలో మడిచి పెట్టుకున్నారని తర్వాత వాళ్లబ్బాయి చెప్పాడు. ఒక్కసారీ ఆట చూడని ఆటగాడి వార్త.

కుర్రాడు మెల్లిగా నోరు విప్పాడు. “నేను వెళ్లాను తాతా. ఒక్కసారి. హైదరాబాద్.”

ఇంట్లో ఇంటర్వ్యూ అని చెప్పి రాత్రి రైలెక్కాడట. పొద్దున్న దిగి, బస్సు, ఆటో, మళ్లీ నడక. అజీజ్‌నగర్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. గ్యాలరీలో పక్కన కూర్చున్నాయన ‘ఎక్కణ్నుంచి తమ్మీ?’ అని అడిగితే ‘విశాఖపట్నం, మన జట్టు కదన్నా’ అన్నాడట. ఆయన విచిత్రంగా చూసి, ‘విశాఖకీ దీనికీ ఏం సంబంధం?’ అన్నాడట.

“నువ్వేటన్నావు?”

“ఏమంటాను తాతా. ఆట మొదలైపోయింది. కాస్టనేడా బంతి తీసుకున్నాడు. లేచి నిలబడి అరిచాను.”

“సూసినావు కదా?”

“చూశాను.”

“కళ్లతో?”

“కళ్లతోనే తాతా. ఇక్కడ్నుంచి ఆ పాన్‌షాపు ఉన్నంత దూరంలో.”

తాత పాన్‌షాపు వైపు చూశారు. ఎంత దూరముందో కొలుస్తున్నట్టు చాలాసేపు చూశారు. తర్వాత జేబులోంచి చిల్లర తీసి మా అందరి టీల డబ్బులూ ఆయనే ఇచ్చేశారు. మాస్టారు వద్దంటున్నా వినలేదు.

“ఇయాల ఎడమకాలి ఆటుందా మాస్టారూ?”

“ఉందండి. ఎనిమిదింటికి.”

“కుర్సీ ఒకటేయించండి. వస్తాను” అని కర్ర అందుకున్నారు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి కుర్రాడితో అన్నారు:

“ఒరే, ఆ కాస్టనేడా ఏ కాలోడు?”