కండలు చూసి మోసపోకండి!

కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ రోజూ కసరత్తు చేసే మనిషి. 2021 అక్టోబర్ 29న, 46 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఆ వారం బెంగళూరు ఆస్పత్రుల ముందు కుర్రకారు మొదటి ఆట టికెట్లకు మల్లే బారులు తీరారు. 2023 ఫిబ్రవరి 18న మన తారకరత్న 39 ఏళ్లకే కన్నుమూశాక నా మిత్రబృందంలోనూ అదే కంగారు. అందరి నోటా ఒకటే మాట: ఈసీజీ!

కంగారు మంచిదే గానీ, గురి తప్పింది గురూ! ఈసీజీ చెప్పేది ఆ కాసేపు గుండె కొట్టుకునే తీరు. రక్తనాళాల్లో మెల్లగా పేరుకునే కొవ్వు చాలాసార్లు దానికి అందదు. "రిపోర్టు నార్మల్" అంటూ సిగరెట్ ముట్టించేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు విలన్ బి.పి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేకుండా వస్తాడు, ఒక్కోసారి తలనొప్పి కూడా ఉండదు. గుండెనే కాదు, మెదడునూ దెబ్బతీసి పక్షవాతం తెప్పిస్తాడు. చేతికి పట్టీ చుట్టి రెండు నిమిషాల్లో చూసేస్తారు. 140/90 దాటి, మరో రోజు చూసినా దిగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లవలసిందే. షుగరుకీ కొలెస్ట్రాల్‌కీ కాస్త రక్తం ఇస్తే చాలు.

"పాతికేళ్లకే ఎందుకండీ?" అంటారా? నాన్నకో అన్నకో 55 లోపు, అమ్మకో అక్కకో 65 లోపు గుండెజబ్బు వచ్చిందేమో ముందు ఇంట్లో అడగండి. వచ్చి ఉంటే డాక్టరుకు మొదట చెప్పవలసింది ఆ మాటే.