నెల్లూరు దీక్షను కూడా తలుచుకుందాం

డిసెంబరు 15 దగ్గర పడుతోంది. దండ ఎవరు తేవాలి, ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి అని మన సంఘంలో అప్పుడే మాటలు మొదలయ్యాయి. మంచిదే. ఈలోగా ఇంకో సంగతి మీ ముందు పెడదామని రాస్తున్నాను. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

పొట్టి శ్రీరాములు గారనగానే మనకు గుర్తొచ్చేది మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబరు 19న అక్కడ దీక్షకు కూర్చుని, 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఇదంతా మన సభల్లో ఏటా వింటున్నదే. చివర్లో మద్రాసు పోయిందన్న నిట్టూర్పు కూడా మామూలే.

దానికి ఆరేళ్ల ముందు ఆయన చేసిన దీక్ష గురించి మాత్రం మన వేదిక మీద ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. 1946 మార్చిలో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన అన్నం మానేశారు. గుడి తలుపులు తెరిపించారు. ఆలయ ప్రవేశాన్ని హక్కు చేసిన చట్టం మద్రాసు రాష్ట్రంలో వచ్చింది 1947లో. అంటే చట్టం అండ లేనప్పుడే ఆయన ఆ పని చేశారు. అంటరానితనం పోవాలని రాసిన అట్టలు తగిలించుకుని, మండుటెండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు వీధుల్లో తిరిగేవారు. పిచ్చివాడన్నవాళ్లూ ఉన్నారు.

ఆయన చదివింది ఏమిటో తెలుసా? బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు. తర్వాత రైల్వేలో ఉద్యోగం. భార్య పోయాక అన్నీ వదిలి సబర్మతి ఆశ్రమానికి వెళ్లారు. పుట్టింది మాత్రం మన ఊళ్లోనే, 1901లో, జార్జిటౌనులో. (ఆయన మా కులం వారంటే మా కులం వారని దండలు వేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. గుడి ముందు కూర్చున్నప్పుడు ఆయన అడిగింది సొంత కులం కోసం కాదు.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చెన్నైలో తెల్లవారకముందే వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో ఎంతోమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తాతల కాలంలో ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన దళిత కుటుంబాలు. పిల్లలకు బళ్లో తెలుగు అందక చాలామందికి చదవడం రాదు, మాట మాత్రం పోలేదు. మన మనవలు "తాతయ్యా" అని పిలిచి మిగతాదంతా ఇంగ్లీషులో చెబుతున్నారు. మరి భాషను నిలబెట్టింది ఎవరు?

మన సభ్యుల జాబితాలో ఆ కుటుంబాలు ఎన్ని ఉన్నాయి? నాకు ఒక్కటీ కనబడలేదు. రావద్దని ఎవరూ అనలేదు, నిజమే. కానీ ఇద్దరు పాత సభ్యులు సంతకం పెడితేనే చేర్చుకుంటామన్న నిబంధన ఉంది. వాళ్లకు తెలిసిన పాత సభ్యుడు ఎవరు? తలుపు మీద తాళం లేకపోయినా లోపలికి రాలేని పద్ధతి ఇది. మనది భాషా సంఘం, సమాజసేవ సంఘం కాదంటారేమో. నేను సేవ చేయమనడం లేదు, సభ్యత్వం ఇమ్మంటున్నాను.

కార్యవర్గం ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఆ సంతకాల నిబంధన తీసేయాలి. ఈ డిసెంబరు 15న శ్రీరాములు గారి పటానికి మొదటి దండ ఒక పారిశుద్ధ్య కార్మికురాలి చేత వేయించి, నెల్లూరు దీక్ష గురించి ఒక అరగంట మాట్లాడించాలి. సభ తర్వాత భోజనం అందరికీ ఒకే పంక్తిలో. అభ్యంతరం ఉన్నవాళ్లు నాకు విడిగా ఫోను చేయకండి, అందరూ చూసేలా ఇక్కడే రాయండి.