ఢిల్లీ కుర్చీలో దళిత ఆడబిడ్డ వాటా ఏది?



ఆడవాళ్లకు చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఇస్తున్నమని 2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. లోక్‌సభలో 454 మంది ఔనన్నరు, కాదన్నది ఇద్దరే. రాజ్యసభలో 214 మంది ఔనంటే కాదన్నవాళ్లు ఒక్కరు లేరు. ఇంత ఒక్కమాట మీద వచ్చిన చట్టం మరుసటేడు ఎన్నికల్లో ఏమాయె? 2024లో గెలిచిన 543 మంది ఎంపీల్లో స్త్రీలు 74 మంది. 2019లో 78 మంది ఉండిరి. చట్టం వచ్చినంక నలుగురు తగ్గిండ్రు! మన తెలంగాణ 17 సీట్లలో ఇద్దరే. మహబూబ్‌నగర్ నుంచి డి.కె. అరుణ, వరంగల్ నుంచి కడియం కావ్య.

ఎందుకిట్లయింది? ఇచ్చిన చేత్తోనే తాళం వేసిండ్రు గనుక. కొత్తగా జనాభా లెక్కలు కావాలె, ఆ లెక్కల మీద నియోజకవర్గాల పునర్విభజన జరగాలె, అప్పుడే మీ సీట్లు అని ఆ చట్టంలోనే రాసిండ్రు. 1996లో దేవెగౌడ ప్రభుత్వం మొదటిసారి బిల్లు పెట్టింది. 2010లో రాజ్యసభ ఒప్పుకున్నది, లోక్‌సభ ఒప్పుకోలేదు. 27 ఏండ్లు తిప్పి చట్టం చేసి, చేసినంక మళ్ల ఆగుమన్నరు. లగ్గం ఖాయమన్నరు గని ముహూర్తం చెప్పలేదు.

ఇది ఆడవాళ్లందరి గోస. దళిత ఆడబిడ్డకు దాని మీద ఇంకో గోస ఉన్నది. దూరం పోవుడెందుకు, మన సిద్దిపేటనే చూద్దాం. 1967 నుంచి 2004 ఎన్నికల దాకా సిద్దిపేట పేరు మీద ఒక లోక్‌సభ సీటు ఉండె. అది ఎస్.సి.ల సీటు. జి. వెంకటస్వామి, నంది ఎల్లయ్య, జి. విజయరామారావు, మల్యాల రాజయ్య, సర్వే సత్యనారాయణ ఇక్కడి నుంచి గెలిచి ఢిల్లీకి పోయిండ్రు. అందరూ మగవాళ్లే. దాదాపు నలభై ఏండ్లల్ల ఒక్కసారి కూడ దళిత స్త్రీ పోలేదు. 2008 పునర్విభజనలో ఆ సీటే మాయమైంది. 2009 నుంచి మనం మెదక్ జనరల్ సీటులో కలిసినం. ఆ మెదక్ నుంచి 1980లో ఇందిరాగాంధీ, 2009లో విజయశాంతి గెలిచిండ్రు. దళితులకు చోటు దొరికిన కాడ ఆడమనిషి లేదు, ఆడమనిషికి చోటు దొరికిన కాడ దళిత స్త్రీ లేదు. రెండు తలుపుల నడుమ నిలబడ్డది మన ఆడబిడ్డే.

మీ ఆడోళ్లు గెలువలేరు అంటరు పార్టీలోళ్లు. పచ్చి అబద్ధం. టి.ఎన్. సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి డిప్యూటీ స్పీకర్ అయింది, మంత్రి అయింది. ఈశ్వరీబాయి రిపబ్లికన్ పార్టీ నాయకురాలిగా 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి గెలిచి అసెంబ్లీలో సర్కారును నిలదీసింది. ఆమె బిడ్డ గీతారెడ్డి మన పక్కనున్న గజ్వేల్‌లో 1989లో, 2004లో గెలిచింది. టికెట్టు చేతికొస్తే ఓటు పడుతది. ఆగింది ఓటు కాడ కాదు, టికెట్టు కాడ.

2023 చట్టంలో ఒక మంచి మాట ఉన్నది. ఎస్.సి., ఎస్.టి. సీట్లలో కూడ మూడో వంతు ఆ కులాల, తెగల స్త్రీలకే. లోక్‌సభలోని 84 ఎస్.సి. సీట్ల లెక్కన చూస్తే 28 మంది దళిత స్త్రీలు కావాలె. బి.సి. అక్కలకు మాత్రం అందులో వేరే వాటా పెట్టలేదు. అది వాళ్ల కొట్లాట అని మనం ఊరుకోవద్దు, మనదీ కావాలె. అయితే ఏ సీటు ఎవరికని తేల్చేది పునర్విభజన కమిషన్. మన సిద్దిపేట సీటును మింగింది కూడ పునర్విభజనే. అందుకే కండ్లు తెరిచి ఉండాలె.

సీటు వచ్చినంత మాత్రాన అధికారం రాదని కూడ మనకు ఎరుకే. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు ఇచ్చింది, తెలంగాణ 2018 చట్టం సగం ఇచ్చింది. ఎన్ని ఊర్లల్ల సర్పంచ్ భార్య, కుర్చీ భర్తది? ఎన్ని కాడ దళిత సర్పంచమ్మ సంతకం పెడితే పెత్తనం పెద్దకులపోళ్లది? మన సంఘాలను కూడ అడుగుదాం. మీటింగుకు జనాన్ని తెచ్చేది అక్కలు, మైకు పట్టేది అన్నలు. ఇంట్ల ఇయ్యని వాటా ఢిల్లీలో ఎట్ల అడుగుతం?

హిందూ కోడ్ బిల్లును నడువనియ్యనందుకు కూడ బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవి వదులుకున్నడు. ఆడవాళ్ల హక్కు ఆయనకు పక్క పని కాదు. మనకూ కావద్దు.

కాబట్టి మూడు పనులు. ఒకటి, చట్టం సాకు చూపకుండ ఇప్పుడే దళిత స్త్రీలకు టికెట్టు ఇయ్యాలని ప్రతి పార్టీని ఊరికొచ్చినప్పుడల్లా నిలదీయాలె. రిజర్వుడు సీట్లలోనే కాదు, జనరల్ సీట్లలో కూడ. రెండు, పునర్విభజన ముసాయిదా వచ్చిననాడు అభ్యంతరం రాసి ఇచ్చేటందుకు మండలానికో జట్టు తయారు కావాలె. మూడు, సంఘం కమిటీల్లో సగం పదవులు అక్కలవి కావాలె, మైకుతో సహా.

ఎవరో ఇస్తరని కూసుంటే ఇంకో 27 ఏండ్లు. వాటా అడుక్కునేది కాదు, గుంజుకునేది.

జై భీమ్!