అటకెక్కని వస్తువులు

రంగులు వేయించాలని ఈమధ్య మా ఇంట్లో అటక మీద సామానంతా కిందికి దించాం. ఒక్కొక్క అట్టపెట్టే విప్పి చూస్తుంటే ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ప్రాణం ఉసూరుమంది. పళ్లరసం తీసే మిషను, చపాతీలు ఒత్తి కాల్చిపెట్టే పరికరం, పొట్ట తగ్గిస్తుందన్న బెల్టు, కూరగాయల్ని రకరకాల ఆకారాల్లో కోస్తుందని టీవీలో చూసి తెప్పించుకున్న ప్లాస్టిక్ సరంజామా... అన్నీ కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి. తళతళలాడవూ మరి! వాడితే కదా మాసిపోయేది!

అదే వంటింట్లోకి వచ్చి చూస్తే, గట్టు మీద నల్లగా నిగనిగలాడే ఇనప పెనం, పిడి ఒకసారి మార్పించిన కుక్కరు, రంగు వెలిసిన గ్రైండరు. చూడటానికి ఒక్కటీ అందంగా లేదు. కానీ అవి లేకపోతే మా ఇంట్లో పూట గడవదు. మనం పెట్టిన డబ్బుకు న్యాయం చేసిన వస్తువులేవో తెలియాలంటే బిల్లులు వెతకక్కర్లేదు, అటక మీద లేనివేవో చూసుకుంటే చాలని అప్పుడనిపించింది.

ఆ సాయంత్రం కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. లెక్క చాలా తేలిక. వస్తువు ఖరీదును, దాన్ని వాడినన్ని సార్లతో భాగించడమే. పళ్లరసం మిషను 3,000 రూపాయలు. గుర్తు తెచ్చుకుని మరీ లెక్కపెడితే వాడింది ఆరుసార్లు. అంటే ఒక్కోసారికి 500 రూపాయలు! ఆ డబ్బుతో వీధి చివర బండి దగ్గర ఇంటిల్లిపాదీ బత్తాయి రసం తాగి, చిల్లర కూడా తెచ్చుకునేవాళ్లం. మరి కుక్కరో? పదకొండేళ్ల కిందట 1,500 పెట్టి కొన్నాను. ఈ పదకొండేళ్లలో గ్యాస్కెట్లకీ, పిడికీ ఇంకో 600 అయి ఉంటుంది. రోజుకి ఒక్కసారే వేసుకున్నా నాలుగువేల సార్లు పొయ్యి ఎక్కింది. అంటే ఒక వంటకి అర్ధరూపాయి. లోపలి ఆవిరి బయటికి పోకుండా పట్టి ఉంచడంవల్ల అందులో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కందిపప్పు త్వరగా ఉడికేది అందుకే. మిగిలిన గ్యాసు ఖరీదు నా లెక్కలో వేయనే లేదు.

ఇదంతా చదివి, చవగ్గా దొరికేవే కొనమంటున్నాననుకునేరు! చెప్పుల సంగతే చూడండి. నేను చాలాకాలం 150 రూపాయల చెప్పులు కొనేదాన్ని. మూడు నెలలకోసారి తెగేవి. మూడేళ్లకి పన్నెండు జతలు, 1,800 రూపాయలు. మడమల నొప్పి అదనం. చివరికి మా అమ్మాయి కోప్పడితే 900 పెట్టి ఒక జత తీసుకున్నాను. రెండుసార్లు కుట్టించుకున్నాను, మూడేళ్లు నడిచాయి. సగం డబ్బుతో గడిచిపోయింది. అయితే ఒక్క మాట. ఆ 900 ఒకేసారి చేతిలో ఉంటేనే ఈ లాభం. నెలాఖరున 150 మాత్రమే ఉన్న ఇల్లాలిని ‘తెలివిగా కొనుక్కో’మని సలహా చెప్పడం సులువే. చవక వస్తువు ఎప్పుడూ లేనివాళ్లకే ఎక్కువ ఖరీదు పడుతుంది.

ఈ లెక్కలన్నీ వేస్తుంటే మా అమ్మ గ్రైండరు గుర్తొచ్చింది.

మా నాన్నగారిది తెనాలిలో చిన్న ఉద్యోగం. ఉన్నంతలో ఇంట్లోకి స్కూటరు వచ్చింది. కలర్ టీవీ వచ్చింది. నలుగురూ వస్తే బాగుండదని సోఫా వచ్చింది. గ్రైండరు మాత్రం రాలేదు. వారానికి రెండుసార్లు అమ్మ రుబ్బురోలు ముందు పీట వేసుకుని కూర్చునేది. ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పిండి లోపలికి తోస్తూ ముప్పావుగంట రుబ్బేది. పండగొస్తే గారెలకి వేరే, బూరెల తోపుకి వేరే. రాత్రి పడుకోబోయే ముందు కుడి మణికట్టుకి అమృతాంజనం రాసుకునేది. మా చిన్నప్పుడు అమ్మ వాసనంటే అదే అనుకునేవాళ్లం.

“గ్రైండరు ఎందుకే? రోలు అరిగిపోయిందా ఏమన్నా?” అనేవారు నాన్న. చెడ్డవారు కాదు. ఆయన కళ్లకి రోలు కనపడేది, దాని ముందు కూర్చున్న మనిషి కనపడేది కాదు. ఒకరోజు అమ్మ తలెత్తకుండానే అంది, “రోలు అరగలేదండీ, నేనే అరిగిపోతున్నాను” అని.

1996లో అమ్మ పక్కింటి పిన్నిగారి దగ్గర వేసిన చీటీ పాడుకుంది. ఎవర్నీ అడక్కుండా వెళ్లి 4,200 పెట్టి గ్రైండరు రిక్షాలో వేయించుకుని వచ్చింది. నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు గారెలు వడ్డిస్తే “రోటి రుచి లేదే” అన్నారు. అంటూనే ఆరు తిన్నారు.

నిజానికి రుచి పోదు. మిక్సీ బ్లేడు జోరుగా తిరిగి పిండిని వేడెక్కిస్తుంది. గ్రైండరులో రాళ్లు నెమ్మదిగా, మన చెయ్యి తిరిగినట్టే తిరుగుతాయి కాబట్టి పిండి చల్లగా ఉంటుంది, గాలి పోసుకుని పొంగుతుంది. ఈ యంత్రాన్ని 1955లో తయారుచేసినాయన కోయంబత్తూరుకు చెందిన సభాపతి. ఆ ఊరి గ్రైండరుకి ఇప్పుడు మన ఉప్పాడ చీరకీ, కొండపల్లి బొమ్మకీ ఉన్నట్టే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అమ్మ గ్రైండరు పదిహేనేళ్లు పనిచేసింది. ఏడాదికి వందసార్ల చొప్పున లెక్కేసినా, ఒక్కో రుబ్బుకి మూడు రూపాయలు కూడా పడలేదు.

కానీ అమ్మకి మిగిలింది రూపాయలు కాదు. గ్రైండరు కొన్న కొత్తల్లో నేను పుట్టింటికి వెళ్లినప్పుడు, పొద్దున్న తొమ్మిది గంటలకి వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ కనిపించింది. నాకు వింతగా అనిపించింది. అప్పటిదాకా అమ్మ పేపరు చదవడమంటే రాత్రి అందరూ పడుకున్నాక, వార్తలన్నీ పాతబడ్డాకే. “లోపల పప్పు అదే రుబ్బుకుంటోందే” అంది నవ్వుతూ. ఆ నవ్వుకి నా లెక్కలో ఎక్కడ వేయాలో ఇప్పటికీ తెలీదు.

అందుకే నేను వస్తువుని రెండు ప్రశ్నలు అడుగుతాను. ఎన్నిసార్లు పనికొస్తావు? ఎవరి రెక్కల కష్టం తగ్గిస్తావు? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోదే మన ఇళ్లల్లో వినపడదు. ముందు గదిలోకి వచ్చే వస్తువు ‘అవసరం’, వంటింట్లోకి వచ్చేది ‘విలాసం’. ఇదేం న్యాయమండీ? కేంద్ర ప్రభుత్వం 2019లో, మనుషులు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు అందులోనే ఉంటున్నారట. అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అదీ, చేసేవాళ్ల లెక్క మాత్రమే. ఆ పనిలో ఎంతోకొంత చెయ్యి పెట్టే ఆడవాళ్లు నూటికి 81 మంది ఉంటే, మగవాళ్లు 26 మందే. దాదాపు ఐదు గంటలు పనిచేసే మనిషికి పనిముట్టు కొనడం విలాసమా?

ఇందులో మన తప్పూ లేకపోలేదు. పిల్లల ఫీజు, ఆయన ఫోను, ఆడపడుచు పెట్టుబడి... అన్నీ అయ్యాక మన వంతు. “నాకెందుకులే, చేతులున్నాయిగా” అని మనమే అనేస్తాం. అలా అనడం మంచి ఇల్లాలి లక్షణమని ఎవరో చెప్పారు, మనం నమ్మేశాం. మణికట్టు నొప్పికి మందులు వాడే రోజు వచ్చాక గానీ ఆ త్యాగం ఖరీదెంతో తెలీదు.

అలాగని వస్తువు కొనేస్తే కష్టాలు తీరిపోతాయనీ అనను. రూత్ స్వార్ట్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అని ఒక పుస్తకం రాశారు. ఇళ్లల్లోకి ఇన్ని యంత్రాలు వచ్చినా అమ్మ పని గంటలు ఎందుకు తగ్గలేదన్నదే అందులో ప్రశ్న. యంత్రం వచ్చాక మగవాళ్లూ, పిల్లలూ చేసే సాయం తగ్గిపోయిందనీ, శుభ్రం మీద, వంటల మీద ఆశలు పెరిగిపోయాయనీ ఆవిడ చూపించారు. మా తెనాలి ఇంట్లో జరిగిందీ అదే! “మిషనుంది కదా, రోజూ అట్లు వెయ్యరాదూ” అన్నారు నాన్న. ఇరుగుపొరుగు నానబెట్టిన పప్పు గిన్నెలతో రావడం మొదలెట్టారు. అమ్మ నెల రోజులు ఊరుకుని, తర్వాత తేల్చి చెప్పేసింది. “బుధవారం, శనివారం రుబ్బుతాను. మిగతా రోజులు ఉప్మా.” గ్రైండరు కొన్నందుకు కాదు, ఈ మాట అన్నందుకు అమ్మకి దండం పెట్టాలనిపిస్తుంది. మిగిలిన గంటని మిగుల్చుకోవడం కూడా రావాలి మరి.

ఇక కొనేముందు నేను చూసుకునేవి కొన్ని చెబుతాను, మీకూ పనికొస్తాయి. పాడైతే బాగుచేసేవాళ్లు మన ఊళ్లో ఉన్నారా, గ్యాస్కెట్టూ బెల్టూ లాంటి విడిభాగాలు దొరుకుతాయా అని ముందే అడగండి. సగం వస్తువులు అటకెక్కేది పాడై కాదు, బాగుచేయించలేక. కుక్కరు మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 ఫిబ్రవరి నుంచి ఆ గుర్తు లేని కుక్కర్లు అమ్మకూడదు. ఫ్రిజ్ కొంటుంటే నక్షత్రాలతో ఆగకండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఆ కాగితం మీదే ఉంటుంది, రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టి చదవండి. వంటింట్లో పాత 60 వాట్ల బల్బు రోజుకి ఐదు గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీ బల్బుకి ఒకటిన్నర యూనిట్లు కూడా కాదు. మా ఇంట్లో పెట్టిన డబ్బు అన్నిటికన్నా త్వరగా తిరిగొచ్చింది దీనికే.

బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. నేను బిల్లులన్నీ పాత బిస్కెట్ డబ్బాలో పెడతాను, మా పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి! వస్తువులో లోపముండి, కొట్టువాడు మాట వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు విలువైన వాటికి అక్కడ ఫీజు కూడా ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, టీవీలోనో ఫోన్లోనో చూసి మనసు పడిన వస్తువుని వారం రోజులు ఆగి కొనండి. ఎనిమిదో రోజుకీ ఆ పని చేస్తూ “అది ఉంటే బాగుండు” అనిపించిందా, అది మీకు కావలసిందే. గుర్తే రాలేదా, ఒక అట్టపెట్టె తప్పినట్టే.

మా అటక ఇప్పుడు ఖాళీగా ఉంది. పళ్లరసం మిషను మా పనమ్మాయి మేనమామ తీసుకెళ్లాడు, సంత రోజున బండి పెట్టుకుంటాడట. అక్కడ దానికి రోజూ పనే. వస్తువుకీ ఒక చోటుంటుంది కదా!

తెనాలి ఇంటి పెరట్లో రుబ్బురోలు ఇంకా ఉంది. అందులో నీళ్లు పోస్తే పిచ్చుకలు వచ్చి తాగుతాయి. మొన్న నేను సరదాగా పొత్రం పట్టుకుని నాలుగు చుట్లు తిప్పబోతే రెండో చుట్టుకే భుజం పట్టేసింది. ముప్పై ఏళ్లు తిప్పింది అమ్మ.

మీ ఇంట్లో అటకెక్కని వస్తువు ఏది? దాన్ని కొనడానికి మీరు ఎన్నేళ్లు ఆగారు? ఈరోజు ఒక్కసారి ఆలోచించండి. మీకోసం ఇంకా కొనుక్కోనిది ఏదైనా గుర్తొస్తే, వచ్చే నెల సరుకుల చీటీలో దాని పేరు మొదట రాయండి.